గోదావరి నీటి ఖాతా

ప్రతి సంవత్సరము జూన్ మాసములో ధవళేశ్వరము, బొబ్బర్లంక, విజ్జేశ్వరము వద్ద తలుపులు ఎత్తి కాలువలకు నీరు వదలుదురు. ఆ దినములలో కాలువ గట్టు మీది ఊళ్లలో పిల్లలు వంతెన మీద నిలిచి నీటికొరకు ఎదురుచూచుట మనలో చాలమంది చూచినదే. ముందుగా ఎండుటాకులు, కొబ్బరి మట్టలు, నురుగు వచ్చును. వెనుక మట్టిరంగు నీరు వచ్చును. పిల్లలు కేకలు వేయుదురు. పెద్దవారు ఒకసారి తొంగి చూచి, నారుమడి సంగతి మాటలాడుకొనుచు వెళ్లిపోవుదురు. నీరు రావలసియున్నది, వచ్చినది. అంతకు మించి దానిలో ఆలోచింపవలసినది ఏమున్నదని మన తలంపు.

అయితే చదువరులారా, ఈ నీరు ఒకప్పుడు ఇట్లు రాలేదు. నది ఇదే, వాన ఇదే, నేల ఇదే. అయినను ఈ నేల మీద మనుష్యులు ఆకలితో చచ్చిరి. ఆ సంగతి చెప్పి, తరువాత దాని జమాఖర్చులు కొంచెము విప్పి చూడవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. జమాఖర్చు అనగానే ఇది షావుకారు పని అని పేజీ త్రిప్పవద్దు. కూలివాని యింటిలోను జమాఖర్చు కలదు. వ్రాసిపెట్టు పుస్తకము మాత్రమే లేదు.

1832–33లో వచ్చిన కరవును మన పూర్వులు నందన కరవు అనిరి. గుంటూరు సీమలో దాని దెబ్బ మరీ ఘోరము. అక్కడ లక్షకు మించి జనము నశించిరి. గోదావరి మండలము కూడ తప్పించుకొనలేదు. వానలు లేక చెరువులు ఎండిపోగా జనము తిండికొరకు ఊళ్లు విడిచి నడిచిపోయిరి. ఆ బాధ తీరకముందే 1839 నవంబరులో కోరంగి మీద ఉప్పెన విరుచుకుపడెను. ఒకనాడు ఓడలు కట్టిన రేవు అది. ఆ ఉప్పెన తరువాత మరల పూర్వపు వైభవమునకు రాలేదు. తుపానులకు ఇంగ్లీషులో సైక్లోను అను పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టను ఈ కోరంగి ఉప్పెనను గూర్చి కూడ పరిశీలించి వ్రాసెను.

కంపెనీవారి లెక్కల ప్రకారము రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7 లక్షల 38 వేల జనము ఉండిరి. 1841 నాటికి 5 లక్షల 61 వేలు మిగిలిరి. ఇరువది సంవత్సరములలో ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకపోయిరన్నమాట. చచ్చినవారెందరో, వలసపోయినవారెందరో ఆ లెక్క చెప్పదు. శిస్తు కూడ పడిపోవుచు వచ్చెను. కంపెనీవారిని కదలించినది మొదట ఈ రెండవ సంగతియే అనుట కఠినముగా తోచవచ్చును గాని, అది నిజము. జనము తగ్గుట వారికి సమాచారము. శిస్తు తగ్గుట వారికి నష్టము.

ఇన్ని సంవత్సరములును గోదావరి ఊరక లేదు. ప్రతి వానకాలము పశ్చిమ కనుమల నుండి నీరు మోసికొనివచ్చి, ఎండిన పొలముల ప్రక్కగానే సముద్రమునకు ఒలకబోయుచుండెను. దీనిని ఎవరును గమనింపలేదని చెప్పుట సరికాదు. 1790 ప్రాంతముననే మైకేలు టాపింగు అను సర్వే అధికారి గోదావరి, కృష్ణా నదుల నీటిని పొలములకు మళ్లింపవచ్చునని వ్రాసియుండెను. ఆయన 1796లో మచిలీపట్నములో మరణించెను. ఆయన వ్రాసిన కాగితములు దస్త్రములలో ఉండిపోయెను. డబ్బు వ్యయమగునని భయపడి ఆనాడు మానుకొన్న పనికి, మధ్య గడచిన అర్ధశతాబ్దములో ఎంత వెల చెల్లింపబడెనో పైని చెప్పిన రెండు సంఖ్యలే చెప్పుచున్నవి. ఖర్చు పెట్టకపోవుట కూడ ఒక ఖర్చే. దానిని చెల్లించువారు వేరు, మిగుల్చుకొనువారు వేరు.

1843లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ అను అధికారిని ఈ జిల్లా స్థితి విచారింపుమని పంపిరి. 1844లో ఆయన ఇచ్చిన నివేదికలో, నదికి అడ్డుకట్ట కట్టు విషయమును ఇంజనీరు ఒకరిచేత పరీక్ష చేయింపవలెనని సూచించెను. ఆ ఇంజనీరే ఆర్థరు కాటన్. 1803లో పుట్టి, 1821లో చెన్నపట్నమునకు వచ్చి, కావేరి, కొల్లడము నదుల మీద పనిచేసినవాడు. అక్కడ 1836లో ఆయన కట్టిన ఆనకట్టలు తంజావూరు సీమను నిలువబెట్టెను.

ఇక్కడ ఒక్కమాట ఆగి చెప్పవలసియున్నది. ఇసుక మీద ఆనకట్ట నిలుచునని కాటన్ దొరకు నేర్పినది ఇంగ్లండు కళాశాల కాదు. కావేరి మీద చోళరాజుల కాలమున కట్టిన కల్లణై ఆనాటికే ఎన్నో శతాబ్దములుగా నిలిచియుండెను. లోతైన ఇసుకలో బండరాళ్లు వేయుచు పోగా, అవి దిగి దిగి ఒకచోట నిలుచుననియు, దాని మీద కట్టడము లేపవచ్చుననియు ఆ పాత పనివారి కట్టుబడిని చూచి గ్రహించితిననియు ఆయన భావము. నేర్చుకొన్నచోటును దాచుకొనని గుణము ఆయనయందు కలదు.

1844, 1845 సంవత్సరములలో ఆయన పంపిన నివేదికలు ఇంజనీరు వ్రాతలవలె గాక వర్తకుని వాదమువలె ఉండును. తంజావూరులో నీటికి పెట్టిన సొమ్ము ఎంత, అందువలన పెరిగిన శిస్తు ఎంత. అంతకంటె గొప్ప నదియు మంచి నేలయు గల రాజమహేంద్రవరములో ఏమియు పెట్టకపోవుటచేత తరిగిన శిస్తు ఎంత అని ప్రక్కప్రక్కన పెట్టి చూపెను. ఆయన హృదయములో కరవు మృతుల తలంపు ఉన్నదనుటకు సందేహము లేదు, ఆయన భక్తిపరుడు. అయినను లండనులోని డైరెక్టర్ల ముందు ఆ మాట ఒక్కటే చెప్పిన పని జరుగదని ఎరిగి, వారికి తెలిసిన భాషలోనే చెప్పెను. సముద్రములో కలియు నీటిని అంతవరకు ఏ ఖాతాలోను ఎవరును వ్రాయలేదు. దానికి ఒక వెల కలదని చూపించుటయే కాటన్ చేసిన మొదటి పని. రాతిపని తరువాతి సంగతి.

ఆనకట్టకు మొదటి అంచనా సుమారు 4 లక్షల 75 వేల రూపాయలు. 1846లో లండను నుండి అనుమతి వచ్చెను. 1847లో ధవళేశ్వరము వద్ద పని ఆరంభమాయెను. దీవులను కలుపుకొని అక్కడ నది దాదాపు నాలుగు మైళ్ల వెడల్పు. మధ్యనున్న లంకలను ఆసరాగా తీసికొని ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా కట్టిరి. రాతికట్టడము మొత్తము రెండు మైళ్లకు పైగా ఉండెను, ఎత్తు పన్నెండడుగులు. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి రాయి తెచ్చిరి. బండ్లు నడచుటకు ఇనుప పట్టాలు పరచిరి. సున్నము కాల్చుటకును, కర్రపనికిని ఎగువ అడవులనుండి కలప నదిమీద తేలుచు వచ్చెను. వేలాది కూలివారు ఎండలో రాళ్లు మోసిరి. అడిగినంతమంది ఇంజనీర్లను కంపెనీవారు పంపలేదు. 1848లో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్లగా కెప్టెను ఓర్ పని నడిపించెను. 1850లో కాటన్ తిరిగివచ్చెను. మనవారిలో వీణెం వీరన్న అను ఆయన కాటన్‌కు కుడిచేయిగా నిలిచి, పనివారిని సమకూర్చి, రాయ్ బహదూర్ బిరుదు పొందెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను.

ఇంతటితో నీరు కోనసీమ చివరలకు చేరలేదు. నగరము లంకకు నీరు పోవలెనన్న వైనతేయ పాయను దాటవలెను. లెఫ్టినెంటు హేగ్ అను యువకుడు గన్నవరము వద్ద నలువది అడుగుల వెడల్పుగల 49 కమానులు లేపి, నది మీదుగా కాలువను నడిపించెను. క్రింద నది, పైన కాలువ. ఆ పని ఒక ఎండకాలములోనే చేసిరి. ఇప్పుడు ప్రక్కనే కొత్త అక్విడక్టు నిలిచియున్నది.

వచ్చిన ఫలమును గూర్చి ఎక్కువ చెప్పనక్కర లేదు. మనము తినుచున్నదే దానికి సాక్ష్యము. 1876–78లో వచ్చిన గొప్ప కరవులో చెన్నరాజధానిలో లక్షలమంది మరణింపగా, గోదావరి డెల్టా తాను బ్రదుకుటయే గాక ఇతర జిల్లాలకు ధాన్యము పంపెను. 1891 జనాభా లెక్కలలో గోదావరి జిల్లాలో 20 లక్షలకు పైగా జనము కనబడిరి. (ఈ సంఖ్యను 1841 సంఖ్యతో పోల్చి, యాబది ఏండ్లలో జనము నాలుగింతలాయెనని కొందరు వ్రాయుదురు. మధ్యలో జిల్లా ఎల్లలు మారినవి గనుక ఆ పోలిక సరిగా అతుకదు. కాటన్ దొర కీర్తికి అట్టి సాయము అక్కరలేదు.)

మన ప్రసంగములలో కొన్నిసార్లు ఈ ఆనకట్టను యోసేపు ఐగుప్తులో కట్టిన కొట్లతో పోల్చుట విన్నాను. పోలిక అందమైనదే గాని ఒక తేడా గమనింపవలెను. యోసేపు సమృద్ధి కాలపు పంటను లేమి కాలమునకు దాచెను. ధవళేశ్వరపు ఆనకట్ట నీటిని దాచదు, త్రిప్పును. వరద వచ్చినప్పుడు వచ్చినంత పోవలసినదే. అందుచేతనే దాళ్వా పంటకాలములో గోదావరి సన్నగిల్లినప్పుడు రైతులు సీలేరు జలాశయముల నుండి వదలు నీటికొరకు ఎదురుచూచుచున్నారు. దాచని కొట్టును నమ్మి రెండవ పంట వేయుట అలవాటైనది. పాత ఆనకట్ట శిథిలమగుటచేత 1970లో మొదలుపెట్టి 1982 నాటికి దాని ఎగువను బ్యారేజి కట్టి కాటన్ పేరు పెట్టిరి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి గట్లు తెగి ఊళ్లు మునిగినప్పుడు, ఎంత నీరైనను నిలుపుకొనలేమని అందరికిని మరల తెలిసెను.

ఇక జమాఖర్చుల రెండవ పుట చూడవలెను.

కాటన్ పొలమునకు చేరు నీటికి వెల కట్టెను. 1865లో చెన్నరాజధానిలో నీటి తీరువకు చట్టము చేసిరి. కాలువ నీరు అప్పటినుండి దస్త్రములోనికి ఎక్కెను. ఎన్ని ఎకరములు తడిసెను, ఎంత రాబడి వచ్చెను అని ప్రతి సంవత్సరము వ్రాసిరి. ఇది మేలే. కాని వెల కట్టినదానిని మాత్రమే మనుష్యుడు కాపాడును. వెల కట్టనిదానిని మరచిపోవును. పొలమునకు వచ్చు నీరు ఖాతాలో పడెను. పొలమునుండి పోవు నీరు పడలేదు. పంటకాలువకు లస్కరు ఉండెను, లాకులు ఉండెను, ఇంజనీరు తనిఖీ ఉండెను. మురుగుకాలువకు చాలకాలము ఎవరును దిక్కులేదు.

డెల్టా నేల బల్లపరుపు. దాని మీదికి నీరు తెచ్చుట ఎంత కష్టమో, దానిమీదినుండి నీరు తీయుటయు అంత కష్టము. పాత వాగులు, ఏళ్లు మురుగును సముద్రమునకు మోయుచుండెను. ఎకరము ఎకరముగా వాటి గట్లు సాగులోనికి పోయెను. గుర్రపుడెక్క, తూడు పెరిగి నీటిని అడ్డగించెను. సముద్రపు పోటు ఎదురు తన్నెను. వానలకు చేలు మునిగి వరి కుళ్లుట అలవాటు కాగా, ప్రభుత్వమువారు నిపుణుల సంఘమును వేసి విచారించి, 1968లో కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు సెస్సు చట్టము చేసిరి. నీటికి తీరువ వేసిన నూరేండ్లు దాటిన తరువాత నీరు పోవుటకు సెస్సు వేసిరన్నమాట. ఆ నూరేండ్లలో పూడిన పూడిక ఒక్క సెస్సుతో పోలేదు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక విరామము ప్రకటించినప్పుడు దేశమంతయు ఆశ్చర్యపడెను. అన్నదాతలు చేను ఖాళీగా పెట్టుదురా అని. ధర గిట్టుబాటు కాలేదు, కూలి పెరిగినది, మురుగు పోవుట లేదు అని వారు చెప్పిన కారణములు. ప్రభుత్వమువారు మోహన్ కందా సంఘముచేత విచారణ చేయించిరి. ఆ మూడు కారణములలో మూడవది ఎప్పటినుండి పెరుగుచు వచ్చినదో పైని చెప్పితిని.

ఖాతాలో పడని ఇంకొక వస్తువు ఒండ్రు. పూర్వము వరద తగ్గిన తరువాత లంకలలో, పల్లపు చేలలో మెత్తని మట్టి పొర నిలుచుండెను. దానిని ఎవరును కొనలేదు గనుక దానికి వెల ఉన్నదని ఎవరును అనుకొనలేదు. కాటన్ మాత్రము ఆ మట్టిని ఎరువుగా గుర్తించి వ్రాసియుండెను. ఎగువను మహారాష్ట్రములోను తెలంగాణములోను పెద్ద పెద్ద జలాశయములు లేచిన తరువాత ఆ మట్టి చాలవరకు అక్కడనే దిగుచున్నది. రైతు దానికి బదులు యూరియా బస్తా కొనుచున్నాడు. ఉచితముగా వచ్చినంతకాలము దాని ఖరీదు తెలియలేదు; అంగడిలో అడిగినప్పుడు తెలిసెను. డెల్టా అంచు కూడ ఆ మట్టితో పెరిగినదే. మట్టి రాకపోగా అంతర్వేది వంటి చోట్ల సముద్రము నేలను కోయుచున్నది. (కాకినాడ చేరువ ఉప్పాడలో ఇండ్లను, రోడ్డును కూడ తినివేయుచున్నది, అక్కడ కారణము ఒక్కటి మాత్రము కాదు.)

కోరంగి మడ అడవులది మరియొక కథ. వంటచెరకునకు, పశువుల మేతకు తప్ప వాటికి విలువ లేదని చాలకాలము తలంచిరి. 1978లో అక్కడ అభయారణ్యము ఏర్పరచిరి. మడచెట్ల వేళ్లలో రొయ్యపిల్ల, చేపపిల్ల పెరుగును. అల వచ్చినప్పుడు ఆ వేళ్లు దాని బలమును విరుచును. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపానులో వందలాది ప్రాణములు పోయెను. కొబ్బరిచెట్లు లక్షలకొలది కూలెను. కొబ్బరిచెట్టుకు నష్టపరిహారము లెక్కించుటకు ప్రతి ఊరిలో మనుష్యులు తిరిగిరి. మడచెట్టు ఆపిన అలకు లెక్క వ్రాయుటకు ఏ రిజిస్టరును లేదు.

కొల్లేరు సంగతి చెప్పిన పశ్చిమగోదావరి సోదరులలో కొందరికి కష్టముగా ఉండవచ్చును, అయినను చెప్పుదును. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లముగా ఉన్న ఆ సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏళ్ల వరదను తనలో పట్టుకొని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రమునకు విడుచును. అది ప్రకృతి కట్టిన కొట్టు. 1976 ప్రాంతమున బీద మత్స్యకారుల మేలుకొరకే సహకార సంఘములు పెట్టి చేపలచెరువులు త్రవ్వించిరి. లాభము కనబడగానే చెరువులు పెద్దవారి చేతులలోనికి కౌలుకు పోయెను. సంఘము పేరు బీదవానిది, చేప వేరొకరిది. సరస్సు గర్భము గట్లతో నిండిపోయెను. 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యత గల చిత్తడినేలగా గుర్తింపబడెను. 2006లో న్యాయస్థానపు ఆజ్ఞ ప్రకారము చెరువుగట్లు పగులగొట్టిరి. ఆ యంత్రములు వచ్చిన దినమున ఏడ్చినవారిలో లక్షలు గడించినవారు తక్కువ. చెరువు కాపలా జీతముతో బ్రదుకువారు ఎక్కువ. సరస్సును కాపాడవలసినదే, ఆ మాటలో నాకు సందేహము లేదు. కాపాడు ఖర్చు ఎవరి మీద పడెనో కూడ ఆ లెక్కలోనే వ్రాయవలెనని నా మనవి.

ఉప్పునీటి రొయ్యల చెరువులను గూర్చి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఈ భావమే కనబడును. చెడగొట్టినవాడే దాని పరిహారము చెల్లించవలెనని ఆ తీర్పు. అంతకుముందు ఆ ఖర్చును చెల్లించినది ప్రక్క చేను రైతు, ప్రక్క పేట బావి. ఒక ఎకరము రొయ్యలవలన వచ్చు ఆదాయము వరికంటె చాల ఎక్కువ అన్న మాట నిజమే. బావిలో ఉప్పు దిగి, పేట స్త్రీలు డబ్బాలతో మంచినీరు కొనితెచ్చుకొన్న పైకము ఆ ఆదాయమునుండి ఎవరును తీసివేయలేదు గనుక అది అంత ఎక్కువగా కనబడెను.

ఇక మన సంఘములలోని చాలమందికి దగ్గర సంగతి ఒకటి కలదు. ఆనకట్టకు రాళ్లు మోసినవారు, కాలువలు త్రవ్వినవారు ఎవరు? వారిలో పెక్కుమందికి సెంటు భూమి లేదు. నీరు వచ్చిన తరువాత మెట్ట పల్లమాయెను, పల్లము విలువ పెరిగెను. ఆ విలువ భూమి గలవానికి చేరెను. కూలివానికి ఊడ్పులు, కోతలు దొరికెను, ఆకలిచావు తప్పెను. అది చిన్న మేలు కాదు. నందన కరవు చూచినవానిని అడిగిన తెలియును. అయినను పంపకము సమానము కాదు. మన పేటలు ఊరికి పల్లమున ఉండుటయు యాదృచ్ఛికము కాదు. అందుచేత మురుగుకాలువ పూడినప్పుడు చేను కంటె ముందు మునుగునది పేటయే. మా మేనత్త గుడిసెలో అరుగు మీద ఇటుకలు పేర్చి, వాటి మీద బియ్యపు కుండ పెట్టుకొనెడిది. ఏ సంవత్సరము ఎన్ని ఇటుకలు అవసరమాయెనో ఆమెకు నోటికి వచ్చును. ధవళేశ్వరము వద్ద గేజి ఉన్నట్లే మా పేటకు ఆ ఇటుకలే గేజి.

2006 తరువాత ఉపాధి హామీ పనులు వచ్చినప్పుడు మా వైపున పంటబోదెలును, చిన్న మురుగుకాలువలును కొన్ని పూడిక తీసిరి. పలుగు పార పట్టినవారిలో ఎక్కువమంది ఆ పేటలవారే, అందులోను స్త్రీలే. ఉదయము చద్ది మూట గట్టున పెట్టి, మోకాటిలోతు బురదలో దిగి, గుర్రపుడెక్క వేళ్లతో సహా లాగి గట్టుమీద వేయుచుండిరి. సాయంత్రము మేటు టేపు పట్టుకొని త్రవ్విన గుంట పొడవు, వెడల్పు, లోతు కొలిచి పుస్తకములో వ్రాసికొనెను. ఆ సంవత్సరము అక్టోబరు వానకు మా అత్తకు రెండు ఇటుకలు సరిపోయెను.